ఉక్కుకు ఎసరు పెట్టే పిసరంత రాగి



లోహాల పాఠంలో మలినం అంటే వేరుచేసి పారేయవలసినదని మనమంతా చదువుకున్నాం. పీజీలో చేరాక మాకు తెలిసింది, సంగతి అంత సులువు కాదని. అణువిద్యుత్ రియాక్టర్లలో వాడే లోహాలను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

లోహంలో పరమాణువులు మన ప్రేయర్ వరుసల్లా క్రమంగా ఉంటాయి. రియాక్టర్లో పుట్టిన వేగవంతమైన న్యూట్రాన్ ఒక పరమాణువును గుద్దితే అది వరుసలోంచి ఎగిరి, పక్కవాటినీ తోసేస్తుంది. దాని చోటు ఖాళీ అవుతుంది. ఎగిరినది వరుసల మధ్య ఇరుక్కుంటుంది. చాలావరకు వెంటనే సర్దుకుంటాయి. సర్దుకోనివి ఏళ్ల తరబడి పేరుకుని లోహం గుణాన్నే మారుస్తాయి.

మలినాల పాత్ర ఇక్కడే మొదలవుతుంది. చాలా దేశాల రియాక్టర్లలో ఇంధనం మందపాటి ఉక్కు పాత్రలో ఉంటుంది. పాత రోజుల్లో ఆ పాత్రలకు అతుకులు వేసిన వెల్డింగ్ తీగలకు తుప్పు పట్టకుండా రాగి పూత పూసేవారు. ఆ రాగి అతుకులో కలిసింది. కొన్నిచోట్ల 0.2, 0.3 శాతం, అంతే! కానీ న్యూట్రాన్లు చేసిన ఖాళీల ఆసరాతో రాగి పరమాణువులు కదిలి గుంపులు కడతాయి. ఉక్కు విరగకుండా వంగాలంటే లోపలి వరుసలు జరగాలి. ఈ గుంపులు వాటికి అడ్డుపడతాయి. దాంతో ఉక్కు గట్టిపడుతుంది గానీ పెళుసెక్కుతుంది. ప్రమాద సమయంలో చల్లని నీరు ఒక్కసారిగా పంపితే పగిలే భయం ఉంటుంది. ఆ పాత్రను మార్చడమా, దాదాపు అసాధ్యం.

అమెరికాలోని యాంకీ రో కేంద్రాన్ని 1991లో ఆపి, 1992లో శాశ్వతంగా మూసేయాలని నిర్ణయించారు. పాత్ర ఎంత పెళుసెక్కిందో తేల్చలేకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. అతుకుల్లో ఏది ఎంత ఉందో సరైన లెక్క లేదు. తర్వాతి కాలపు పాత్రల్లో రాగిని బాగా తగ్గించారు.

భాస్వరం కథ ఇంకా విచిత్రం. ఈ ఉక్కులో అది రేణువుల సరిహద్దుల్లో చేరి పట్టు సడలిస్తుంది. ఫాస్ట్ రియాక్టర్ ఇంధన గొట్టాల స్టెయిన్‌లెస్ స్టీలులో ఇబ్బంది వేరు. అక్కడ ఖాళీలన్నీ కలిసి బుడగల్లా తయారై లోహం ఉబ్బుతుంది. బ్రిటన్‌లోని డౌన్‌రే రియాక్టర్ గొట్టాల్లో దీన్ని గమనించినట్టు 1967లో ప్రకటించారు. టైటానియం, కొద్దిగా భాస్వరం కలిపితే ఆ ఉబ్బు ఆలస్యమవుతుంది! టైటానియం కలిపిన ఇలాంటి గొట్టాలను కల్పాక్కం ఫాస్ట్ రియాక్టర్ కోసం మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే తయారుచేశారు.

మలినం, మైల అనే మాటలు మనలో చాలామందిమి పుస్తకంలో చదవకముందే విన్నాం. సైన్సులో మలినం అంటే ఎవరో వేసే ముద్ర కాదు. ఏది, ఎంత, ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అని కొలిచి చెప్పే మాట. కొలవకుండా చెప్పేదాన్ని నమ్మకండి. మా ఇళ్లలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్లం మేమే. మాకు అర్థమైనది మీకూ అర్థమవుతుంది. భయం లేకుండా ఫిజిక్స్ తీసుకోండి!