సరుకొచ్చాకే సొమ్ము!

మొప్ప ఎత్తి చూడందే చేప కొనరు నెల్లూరు సీమవాళ్లు. ఎర్రగా ఉంటేనే బేరం. అలాంటివాళ్లు బొమ్మ చూసి చీర కొనాలంటే? నెల్లూరుకూ గూడూరుకూ మధ్య హైవే మీదుండే మనుబోలు లాంటి ఊళ్లలో ఆన్‌లైన్ అంగడికి ఎదురైన అసలు చిక్కు ఇదే.

చైనాలో అమ్ముడయ్యే వస్తువుల్లో నాలుగోవంతుకు పైగా ఆన్‌లైన్‌లోనే కొంటున్నారు. అమెరికాలో అది నూటికి 16 దాకా ఉంటే, మన దగ్గర పదిలోపేనని అంచనా. డబ్బున్న దేశం ఎక్కువ కొంటుంది, అంతేగా అనుకుంటాం. మరి చైనావాళ్లు అమెరికావాళ్ల కంటే ధనవంతులేం కాదే!

అమెరికా పల్లెలకు చూడకుండా కొనడం తాతలనాటి అలవాటు. సియర్స్ కంపెనీ కేటలాగు తిరగేసి కుట్టుమిషన్లు కూడా తెప్పించుకునేవారు. 1913లో పార్సిల్ పోస్టు వచ్చింది, తర్వాత క్రెడిట్ కార్డులొచ్చాయి. 1995లో అమెజాన్ పుస్తకాలమ్మడం మొదలెట్టేసరికి దారి సిద్ధంగా ఉంది. చైనాకు ఈ చరిత్ర లేదు. అక్కడ అలీబాబా 2004లో ‘అలీపే’ పెట్టింది. కొన్నవాడి సొమ్ము దాని దగ్గరుంటుంది, సరుకు ముట్టిందన్నాకే అమ్మినవాడికి చేరుతుంది. ఊరి పెద్దమనిషి దగ్గర డబ్బు పెట్టినట్టన్నమాట!

మనకూ అలాంటిదొకటి ఉండేది... వీపీపీ! తపాలాశాఖ 1877లోనే తెచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన తెలుగు పుస్తకాల కట్టకు పోస్ట్‌మ్యాన్ చేతిలోనే డబ్బు పెట్టేవారు. 2007లో ఫ్లిప్‌కార్ట్ తొలి పుస్తకం అమ్మింది మహబూబ్‌నగర్ మనిషికే. అయినా కార్డుల్లేని ఇళ్లకు ఆ తలుపు తెరుచుకుంది 2010లో, ‘క్యాష్ ఆన్ డెలివరీ’ వచ్చాకే. నిజానికి పెట్టె విప్పకముందే డబ్బివ్వాలి. అయితేనేం, అడగడానికి ఎదురుగా ఓ మనిషున్నాడన్న ధైర్యం!

ఆ ధైర్యానికి ఖరీదుంది. ఇంటిదాకా వచ్చాక ‘వద్దులే’ అంటే రానూపోనూ రవాణా ఖర్చు వ్యాపారం మీదే పడుతుంది. ఇక చిరునామా అంటారా... డోరు నంబరు కాదు, ‘గుడి పక్క సందులో వేపచెట్టు ఇల్లు’. డెలివరీ కుర్రాడు రెండుసార్లు ఫోన్ చేయాల్సిందే. 2016లో యూపీఐ వచ్చింది కాబట్టి చిల్లర గొడవ మాత్రం తీరింది.

ఆన్‌లైన్‌కు గట్టి పోటీ మాల్ కాదు, వీధి చివరి అంగడి. అక్కడ కార్డూ వద్దు, సంతకమూ వద్దు. పంట డబ్బులొచ్చాక ఇస్తామంటే ఖాతా పుస్తకంలో రాసుకుంటారు. అందుకే ఫోనూ చీరా అట్టపెట్టెలో దిగుతున్నా, చాలా ఇళ్లకు కందిపప్పు ఇంకా అక్కణ్నుంచే వస్తోంది.