పాత ఇల్లు అమ్ముతున్నారా? పెయింట్ డబ్బా కొనే ముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, కోడింగ్ లేదు. మా ఎల్దుర్తి ఇంటి ముచ్చట. మా తాత కట్టిన ఇల్లు అది. ముందు పెంకుటిల్లు, వెనక తర్వాత వేసిన రెండు స్లాబ్ గదులు. నాయనమ్మ పోయినప్పటి నుంచి తాళం వేసి ఉంది. చెల్లె పెళ్లికి తెచ్చిన అప్పు తీరాలంటే అమ్మక తప్పలేదు. "60,000 దాటొద్దు, ఎట్ల చేస్తవో చెయ్" అన్నడు మా నాయిన.

అంతకు ముందే తూప్రాన్ నుంచి ఒకాయన వచ్చి చూసిండు. వెనక గదిలో గోడ మీద తడి మచ్చ చూసిండు, తల పైకెత్తి స్లాబ్ చూసిండు. "మళ్లీ చెప్తా" అని పోయిండు. ఐదు నిమిషాలు కూడా ఉండలేదు. ఆరోజు నాకు అర్థమైంది ఇది: చూడటానికి వచ్చినవాళ్లు ఇంటికి వెల కట్టరు, ముందు తమకు పడే ఖర్చు లెక్కేసుకుంటరు. ఒక మచ్చ కనబడితే "మొత్తం స్లాబ్ పోయిందేమో" అనుకుంటరు. మనకు 14,000 పడే రిపేరుకు వాళ్లు లక్ష తగ్గించి అడుగుతరు. అందుకే అందం తర్వాత, భయం పోగొట్టేది ముందు.

మొదటి పని: నీళ్లు

స్లాబ్ ఎక్కి రెండు బకెట్లు పోసి చూడండి. నీళ్లు ఎటు పోతున్నయి, ఎక్కడ నిలుస్తున్నయి? మా దగ్గర పైపు మూతి నిండా ఆకులు, వాలు కూడా పోయింది. మేస్త్రీ పగుళ్లు కోసి నింపి, వాటర్‌ప్రూఫ్ కలిపిన సిమెంటుతో మళ్లీ వాలు తీసిండు. ఆరిన తర్వాత ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి కింద నుంచి చూసినం. చుక్క రాలేదు. తర్వాత గోడ ఆరడానికి మూడు వారాలు ఆగినం. ఆగకుండా రంగు వేస్తే డబ్బు గోడకు పోసినట్టే.

రెండో పని: గోడలు

ఇక్కడ చాలామంది తప్పు చేస్తరు. పాత పెంకుటింటి గోడలు రాయి, మట్టి, సున్నంతో కట్టినవి. నేలలో ఉన్న తేమను కొంత పీల్చుకుంటయి, మళ్లీ గాలికి వదులుతయి. వాటి మీద సిమెంటు ప్లాస్టరో, ప్లాస్టిక్ పెయింటో వేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోతది. కొన్నాళ్లకు రంగు బుడగలు లేచి, పొరలు పొరలుగా ఊడుతది. అందుకే ముందు భాగానికి సున్నమే రెండు కోట్లు కొట్టించినం. స్లాబ్ గదులకు మాత్రం లేత రంగు డిస్టెంపర్. రెండూ కలిపి 13,500.

మిగతా ఖర్చు ఇట్ల పోయింది: బాత్రూంకు కొత్త కమోడ్, నల్లాలు, తలుపు 12,500. పాత ఫ్యూజు బోర్డు తీసేసి ఎంసీబీలు, ఎర్తింగ్, ఎల్ఈడీ లైట్లు 9,000. షాబాద్ బండలకు మెషీన్ పాలిష్ 4,500. గేటు, దర్వాజ రంగులు 1,500. స్లాబ్‌తో కలిపి మొత్తం 55,000. షాబాద్ బండల మీద టైల్స్ వేయిద్దామన్నరు, వద్దన్న. పాలిష్ పెడితే అవే అద్దం లెక్క మెరుస్తయి. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ జోలికి పోకండి. కొనేవాళ్లు వాళ్ల ఇష్టం వచ్చినట్టు చేసుకుంటరు, మీ డబ్బు తిరిగి రాదు.

దాచొద్దు

ఒక గోడ అడుగున తేమ పూర్తిగా పోలేదు. "పుట్టీ కొట్టి రంగేస్తే వానాకాలం దాకా కనబడదు తమ్ముడూ" అన్నడు మేస్త్రీ. నిజం చెప్తున్న, ఆశ పుట్టింది. కానీ 1882 ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 55 ఉంది. అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే. చెప్పకపోవడం మోసం కిందకు వస్తది. రేపు కొనేది కూడా మనలాంటి అప్పు చేసినవాళ్లే కదా. ఆ గోడను అట్లనే ఉంచి, వచ్చినవాళ్లకు నేనే చూపించిన. కొన్నాయన దానికి 20,000 తగ్గించమన్నడు. తగ్గించినం.

అసలు పని కాగితాల్లో ఉంది

రంగులన్నీ అయినంక కొన్నాయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ మేనత్త సంతకం పెడతదా?" మేం ఆలోచించనే లేదు. తాత వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది. "అక్కకు పెళ్లప్పుడే ఇచ్చినం కదరా" అన్నడు నాయిన. పెళ్లికి ఇచ్చింది వేరు, వాటా వేరు. ఆమె వదులుకోవాలన్నా హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి.

నాయిన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసిండు. అత్త అన్నది ఒక్కటే మాట: "ఇన్నేండ్లకు అడిగినవా తమ్ముడా." సంతకం పెట్టింది, తన సగం తను తీసుకుంది. మా అప్పు పూర్తిగా తీరలేదు, కొంత మిగిలింది. అయినా రేపు కోర్టు మెట్లెక్కే భయం లేదు.

కాబట్టి మేస్త్రీని పిలిచే ముందే వారసుల లిస్టు రాసుకోండి. ఇంటి పన్ను బకాయి కట్టి రసీదు పెట్టుకోండి. ఈసీ తీయండి. కరెంటు మీటర్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఇంకోటి, 2021 జులైలో రేట్లు పెరిగినప్పటి నుంచి మన తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 10 లక్షల ఇంటికి 75,000. ఇది మామూలుగా కొనేవాళ్ల మీదే పడుతది. బేరం ఆడేటప్పుడు వాళ్ల జేబులో ఈ లెక్క కూడా ఉందని గుర్తుంచుకోండి. బయానా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకండి. ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత జరిమానా పడొచ్చు. బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఇల్లు అమ్మిన లాభం మీద పన్ను కూడా ఉంటది కాబట్టి బిల్లులన్నీ దాచి సీఏకు చూపించండి. కొత్త గది కట్టడం లాంటి ఖర్చు లెక్కలోకి రావొచ్చు, మామూలు రంగులు, రిపేర్లు సాధారణంగా రావు.

ఒక్క లైన్‌లో చెప్పాలంటే: ముందు కాగితం, తర్వాత నీళ్లు, ఆ తర్వాత కరెంటు, బాత్రూం, అన్నిటికంటే చివర రంగు. నేను తిరగేసి చేసి నేర్చుకున్న, మీరు వరసగా చేయండి. మీ ఊర్లో తాళం వేసిన ఇల్లు ఉంటే ఈ ఆదివారం పోయి స్లాబ్ మీద రెండు బకెట్లు పోసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.