చలిగాలిలో ఆకుదండల ఊరేగింపు

పిల్లలూ! ధనుర్మాసంలో, తెల్లవారుజామున, నాన్నగారి వెనక స్కూటరు మీద కూర్చుని ఎప్పుడైనా వెళ్లారా? ఇంటి గుమ్మంలో నిలబడ్డంతసేపూ చలి అంతగా తెలియదు. బండి కదిలిందో లేదో, చెవులు జివ్వుమంటాయి. ముక్కు చివర మొద్దుబారుతుంది. చేతులు వాటంతటవే నాన్నగారి జేబుల్లోకి దూరతాయి. “ఇంత చలి ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని మీకు ఆశ్చర్యం కలిగే ఉంటుంది.

నాలుగు వీధులు దాటేసరికే మనకిలా ఉంటే, చెరువులో నీళ్లు రాయిలా గడ్డకట్టే దేశంలో, వందలాది కిలోమీటర్లు మోటారు సైకిలు మీద వెళ్లేవాళ్ల సంగతి ఏమిటి? అలా వెళ్లేవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లు పందెం కోసం వెళ్లరు, బహుమతి కోసమూ వెళ్లరు. మరెందుకు వెళతారో తెలియాలంటే, ముందుగా ఒక కుర్రవాడి కథ చెప్పుకోవాలి.

అమెరికాకు ఈశాన్యపు కొసన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అడవులూ, సముద్రతీరమూ, చలికాలంలో దట్టమైన మంచూ అక్కడి విశేషాలు. ఆ రాష్ట్రంలో మోరిల్ వూస్టర్ అనే పన్నెండేళ్ల కుర్రవాడు ఇంటింటికీ వార్తాపత్రిక వేసేవాడు. ఒక ఏడు అతనికి ఒక బహుమతి వచ్చింది. ఏమిటంటే, దేశ రాజధాని వాషింగ్టన్‌కు ప్రయాణం!

వాషింగ్టన్ పక్కగా పొటోమాక్ నది పారుతుంది. దాని అవతలి ఒడ్డున ఆర్లింగ్టన్ అనే చోట సైనికుల శ్మశానవాటిక ఉంది. 1864లో, ఆ దేశం ఉత్తర దక్షిణాలుగా చీలి తమలో తాము యుద్ధం చేసుకుంటున్న రోజుల్లో, దాన్ని ఏర్పాటు చేశారు. ఇవాళ అక్కడ 4 లక్షల మందికి పైగా మట్టిలో విశ్రమిస్తున్నారు. ఒక్కొక్కరి తలవైపునా ఒక తెల్లని రాయి, రాతి మీద పేరు. ఎటు చూసినా బారులు తీరిన తెల్లని రాళ్లే. రాజధానిలో ఎన్ని వింతలు చూసినా, ఆ కుర్రవాడి మనసులో మాత్రం ఆ రాళ్ల వరసలే నిలిచిపోయాయి.

అతను పెరిగి పెద్దవాడయ్యాడు. సొంత ఊరి ప్రాంతంలోనే, హారింగ్టన్ అనే చోట, పచ్చని ఆకుదండలు చేసి అమ్మే వ్యాపారం పెట్టాడు. మనం పండుగకు గుమ్మానికి మామిడి తోరణం కట్టినట్టే, వాళ్లు క్రిస్మసుకు తలుపుకు గుండ్రని ఆకుదండ తగిలిస్తారు. వాటిని బాల్సం ఫర్ అనే చెట్టు కొమ్మలతో చేస్తారు. అది మన హిమాలయాల్లోని దేవదారు కుటుంబానికి చెందినదే.

1992లో, పండుగ దగ్గర పడినా, వూస్టర్ దగ్గర కొన్ని వేల దండలు మిగిలిపోయాయి. పారెయ్యడానికి మనసొప్పలేదు. అప్పుడు చిన్ననాడు చూసిన ఆ తెల్లని రాళ్లు జ్ఞాపకం వచ్చాయి. పెద్దల సహాయంతో అనుమతి సంపాదించాడు. ఒక లారీ యజమాని దండలను అంత దూరమూ చేరవేస్తానన్నాడు. వాటిని ఎక్కడ పెట్టారో తెలుసా? అందరూ చూసే చోట కాదు. ఏటేటా వచ్చేవాళ్లు తగ్గిపోతున్న ఒక పాత భాగంలో.

ఎందుకు తగ్గిపోయారంటారా? ఆ సైనికుల మీద ఎవరికీ కోపం లేదు. భార్య వచ్చినంతకాలం వచ్చింది, తరవాత కొడుకు వచ్చాడు, ఆ కొడుకూ ముసలివాడైపోయాడు. మనుమలు ఎక్కడో దూరాన ఉన్నారు. మరుపు ఎప్పుడూ అలాగే వస్తుంది. వెళ్లేవాళ్లు లేకపోవడమే మరుపంటే.

ఇలా ప్రతి ఏడూ చడీచప్పుడూ లేకుండా ఆ లారీ వెళ్లివస్తూనే ఉంది. 2005లో, మంచు కప్పిన నేల మీద, తెల్లని రాళ్లకు ఆనించి ఉన్న ఆ పచ్చని దండల ఫోటో ఒకటి దేశమంతటా చేతులు మారింది. మేమూ వస్తామంటూ ఎక్కడెక్కడివాళ్లో ఉత్తరాలు రాయసాగారు. ఆ మరుసటి ఏడు, 2006లో, లారీలకు తోడుగా ఒక మోటారు సైకిళ్ల సంఘం బయలుదేరింది.

ఆ సంఘం పేరు పేట్రియట్ గార్డ్ రైడర్స్. 2005లో ఏర్పడింది. సైనికుడెవరైనా చనిపోతే, ఆ కుటుంబంవాళ్లు రమ్మంటేనే వీళ్లు వెళతారు. జెండాలు పట్టుకుని, బారులు తీరి, ఒక్క మాటైనా మాట్లాడకుండా నిలబడతారు. వీళ్లలో చాలామంది ఒకప్పుడు తామూ సైన్యంలో పనిచేసినవాళ్లే. 1975లో ముగిసిన వియత్నాం యుద్ధం సంగతి మీ పెద్దవాళ్లను అడగండి. ఆ యుద్ధం మీద అమెరికాలో ఎందరికో కోపం ఉండేది. ఆ కోపం కాస్తా యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రవాళ్ల మీద కూడా పడింది. ఇల్లు చేరిన నాడు “వచ్చావా నాయనా!” అనే పలకరింపుకైనా నోచుకోనివాళ్లు ఎందరో ఉండేవారు. పలకరింపు లేకపోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకే పలకరింపు విలువా తెలుస్తుంది.

సరే, ఈ ప్రయాణం చలికాలంలోనే ఎందుకు చెయ్యాలి? వేసవిలో వెళ్లకూడదా? వెళ్లకూడదు, ఎందుకంటే దండలకు చలి కావాలి! రెండు మూడు రాత్రులు గడ్డకట్టే చలి గట్టిగా పడితేనే ఫర్ కొమ్మలకు సూదుల్లాంటి ఆకులు బిగిసి ఉంటాయి. అంతకు ముందే కోస్తే తొందరగా రాలిపోతాయి. చలి పడాలి, కొమ్మలు కోయాలి, దండలు కట్టాలి, అప్పుడు లారీలు కదలాలి. అందుకే డిసెంబరు.

హారింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కు సుమారు 1200 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు నుంచి తిరుపతికి వెళ్లి, మళ్లీ తిరిగి వచ్చినంత దూరం అన్నమాట. దారిలో బడుల దగ్గరా, ఊళ్ల దగ్గరా ఆగుతూ వెళతారు కనుక చాలా రోజులు పడుతుంది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. కదిలే బండి మీద చలి ఎందుకు పెరుగుతుంది?

మన ఒంటి వేడికి చర్మాన్ని ఆనుకుని ఉన్న గాలి కాస్త వెచ్చబడుతుంది. ఆ వెచ్చని పొర మనకు కనిపించని దుప్పటి. వేసవిలో అమ్మమ్మ విసనకర్రతో విసురుతుంది చూశారా? విసనకర్ర చల్లని గాలిని ఎక్కణ్ణుంచీ తీసుకురాదు. ఆ గదిలో గాలినే కదిలించి, మన చెమటను ఆరుస్తుంది, ఆ వెచ్చని దుప్పటిని లాగేస్తుంది. మోటారు సైకిలు మీద వెళ్లేవాడికి ఎదురుగాలే పెద్ద విసనకర్ర. దుప్పటి ఏర్పడే లోపలే లాగేస్తూ ఉంటుంది.

ఈ విషయాన్ని లెక్కకట్టినవాడు పాల్ సైపుల్. 1928లో, పందొమ్మిదేళ్ల స్కౌటుగా ఉన్నప్పుడే, బర్డ్ అనే అన్వేషకుడి వెంట దక్షిణధ్రువ ఖండానికి వెళ్లిన అదృష్టవంతుడు. తరవాత మళ్లీ అక్కడికి వెళ్లి, తన సహచరుడు పాసెల్‌తో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి గాలిలో వేలాడదీశారు. ఏ చలిలో, ఎంత గాలికి, ఆ నీళ్లు ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో రాసుకున్నారు. గాలి ఎంత హెచ్చితే నీళ్లు అంత త్వరగా గడ్డకట్టాయి. 2001లో అమెరికా, కెనడా శాస్త్రజ్ఞులు మనుషుల ముఖాల మీదనే పరీక్షలు జరిపి ఈ లెక్కను సరిదిద్దారు.

ఆ లెక్క ప్రకారం, థర్మామీటరు సున్నా డిగ్రీలు చూపుతున్నప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే, ముఖానికి తగిలే చలి సున్నాకు దిగువన 10 డిగ్రీలంత ఉంటుంది. థర్మామీటరే సున్నాకు దిగువన 5 డిగ్రీలు చూపుతుంటే, ఆ చలి దిగువన 17 డిగ్రీలంత! అయితే థర్మామీటరు అబద్ధమాడుతోందని అనుకోకండి. గాలి సున్నా దగ్గరే ఉంది. బండి ఇనుము కూడా సున్నాను దాటి చల్లబడదు. వేడిని పుట్టించుకునే మన ఒళ్లే ఆ వేడిని అంత వేగంగా పోగొట్టుకుంటోంది.

అప్పుడు ఒళ్లు ఒక ఉపాయం చేస్తుంది. గుండెనూ, మెదడునూ కాపాడుకోవడానికి వేళ్లకు పోయే నెత్తురును తగ్గిస్తుంది. వేళ్లు కొయ్యబారతాయి. కాని బ్రేకు నొక్కవలసింది ఆ వేళ్లే కదా! గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. బ్రేకు ఒక్క సెకను ఆలస్యమైతే ఎంత ప్రమాదమో మీరే ఊహించుకోండి. పైగా చలికి టైరు రబ్బరు బిరుసెక్కి రోడ్డును సరిగా పట్టుకోదు. రోడ్డు మీద పలచని మంచు పేరుకుంటే, అది కంటికి కనబడదు. దాని మీద నాలుగు చక్రాల కారు జారుతుంది. రెండు చక్రాల బండి పడిపోతుంది.

అందుకే తెలిసినవాళ్లు ఒకే మందపాటి కోటును నమ్ముకోరు. పలచని బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు. వాటి మధ్య గాలి కదలకుండా చిక్కుకుని, మళ్లీ ఆ దుప్పటి ఏర్పడుతుంది. అన్నింటికీ పైన గాలి దూరని తోలు కోటు. బండి కరెంటుతోనే వెచ్చబడే చేతి తొడుగులు కూడా ఇప్పుడు వచ్చాయి. అవేవీ లేని పాతకాలపువాళ్లు కోటు లోపల వార్తాపత్రికలు మడిచి పెట్టుకునేవారు. కాగితం మడతల మధ్య గాలి కూడా మంచి దుప్పటే సుమా!

ఇంకొక మాట. మంచు మరీ ఎక్కువగా కురిసిన రోజున బండి దించకుండా కారులో రావడమే వివేకం. ఆ సంఘంలో చేరాలంటే మోటారు సైకిలు ఉండి తీరాలనే నియమం కూడా లేదు. చలిని జయించి చూపడం వాళ్ల ఉద్దేశం కాదు. వెళ్లవలసిన చోటికి వెళ్లడం, అంతే.

ఇంత దూరమూ వచ్చి అక్కడ ఏం చేస్తారు? డిసెంబరులో ఒక శనివారం నాడు పెద్దలూ, పిల్లలూ వేలాదిగా వస్తారు. ఒక్కొక్కరు ఒక దండ పట్టుకుని ఒక రాయి ముందు నిలబడతారు. దండను రాతికి ఆనిస్తారు. తరవాత రాతి మీద ఉన్న పేరును పైకి చదువుతారు. అదే ముఖ్యం. ఎన్నో ఏళ్లుగా ఎవరూ పలకని పేరు ఒక పిల్లవాడి నోట వినిపిస్తుంది. మొదట్లో ఒక పాత భాగానికే వెళ్లిన దండలు, 2014 నాటికి మొత్తం వాటికకు సరిపోయాయి. ఆ ఏడు 2 లక్షల 26 వేలకు పైగా పెట్టారు.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకోకండి. మనకూ అలాంటి రోజులున్నాయి. 1949 నుంచి ఏటా డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఆ రోజున వసూలైన చందాలు సైనికుల కుటుంబాలకూ, మాజీ సైనికులకూ ఉపయోగపడతాయి. ఇంకొకటి జనవరి 14. మన సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని అయిన కరియప్పగారు 1953లో ఆ రోజునే పదవీ విరమణ చేశారు. 2016 నుంచి ఆ తేదీని మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు.

జనవరి 14 అంటే మనకు సంక్రాంతి రోజులు! మీరంతా అమ్మమ్మగారి ఊళ్లోనో, తాతగారి ఊళ్లోనో ఉంటారు. పశ్చిమ గోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా అక్కడివాళ్లు సైన్యంలో చేరుతున్నందువల్ల దాన్ని “మిలిటరీ మాధవరం” అనే పిలుస్తారు. అంతమంది కాకపోయినా, మీ ఊళ్లోనూ ఒక “మిలిటరీ తాత” ఉండవచ్చు. అందరూ అలాగే పిలిచి పిలిచి, ఆయన అసలు పేరే మరిచిపోయి ఉంటారు.

ఆ ఇంటికి వెళ్లడానికి మీకు మోటారు సైకిలు అక్కరలేదు, 1200 కిలోమీటర్ల ప్రయాణమూ అక్కరలేదు. రెండు అరిసెలు పొట్లం కట్టుకుని, అమ్మను అడిగి, నడిచి వెళ్లండి. “తాతగారూ, మీ పేరేమిటి? మీరు ఏ దళంలో పనిచేశారు? అన్నిటికన్నా చలి ఎక్కడ వేసింది?” అని అడగండి. ఆయన సియాచిన్ అంటారేమో! 1984 నుంచి మన సైనికులు కాపలా కాస్తున్న ఆ మంచుకొండల్లో చలి సున్నాకు దిగువన 50 డిగ్రీల దాకా పోతుంది. ఏమీ చెప్పడం ఇష్టం లేక ఊరుకుంటే, మీరూ బలవంతపెట్టకుండా కాసేపు కూర్చుని రండి.

ఇంటికి వచ్చాక ఆ పేరు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రాత్రి భోజనాల దగ్గర అందరికీ వినబడేలా ఒకసారి పైకి చదవండి.