కొత్త ర్యామ్ కొనేముందు

మన విభాగం కంప్యూటర్ నెమ్మదిగా ఉందని, తలా వంద వేసుకుని ఇంకో 4 జీబీ ర్యామ్ కొందామనుకుంటున్నాం కదా. నా మాట: ఇప్పుడే వద్దు.

అందులో ఉన్నది 32 బిట్ విండోస్ 7. మెమరీలో ప్రతి బైటుకీ ఇంటి నంబరులాంటి చిరునామా కావాలి. ఆ నంబరుకి 32 గళ్లే ఉన్నాయి; ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది. అలా వచ్చే నంబర్లు 4,29,49,67,296. అంటే సరిగ్గా 4 జీబీ. వాటిలోనూ కొన్ని డిస్‌ప్లే కార్డులాంటి వాటికి పోతాయి. అందుకే ఇప్పుడున్న 4 జీబీలో మూడు, మూడున్నరే మనకు దక్కుతోంది. ఇంకో 4 పెట్టినా నంబరు లేని ఇల్లే, ఊరికే పడుంటుంది.

ముందు ప్రాసెసర్ 64 బిట్‌దో కాదో చూద్దాం. అయితే మన ఫైళ్లన్నీ వేరే చోట కాపీ చేసుకుని, 64 బిట్ విండోస్ వేయించాకే ర్యామ్ కొందాం. కాకపోతే ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కోవచ్చు.