తల్లి చేవ్రాలు: ఓస్త్రావా పిల్లల వ్యాజ్యము



అన్యాయమనగానే మనకు క్రూరులగు మనుష్యులును, కఠినమగు మాటలును జ్ఞప్తికి వచ్చును. కాని మంచివారి చేతులమీదుగా, మంచి యుద్దేశముతో, నియమము ఇసుమంతయు తప్పకుండ జరుగు అన్యాయము కూడ కలదు. దానిని గుర్తుపట్టుట మిక్కిలి కష్టము. ఐరోపా ఖండమున ఒక న్యాయస్థానము అట్టిదానిని గుర్తించి 2007వ సంవత్సరమున తీర్పు చెప్పినది. ఆ వృత్తాంతమును మీకు తెలుపవలెనని యున్నది. అంతకు ముందు మా యింటి సంగతి యొకటి చెప్పుకొనవలసియున్నది.

ఎనిమిదేండ్ల క్రిందట మా వారు పనిచేయుచుండిన పల్లెబడిలో, సమీపపు తండానుండి ఒక లంబాడీ బాలిక వచ్చి చేరినది. ఆఱేండ్ల పిల్ల. ఇంట లంబాడీ భాషయే గాని తెలుగు పలుకుట యెఱుగదు. సంవత్సరాంతమున తక్కిన పిల్లలకు పెట్టిన పరీక్షయే ఆ పిల్లకును పెట్టిరి. బొమ్మలు చూపి పేర్లడుగగా, నీటి బొమ్మకు “పాణి” యని మాత్రము చెప్పినదట. తక్కినవానికి నోరు మెదపలేదట. మా వారు సాధుస్వభావులు. పిల్లలపై చేయి చేసికొని యెఱుగరు. అయినను పట్టికలో ఆ పిల్ల పేరున కెదురుగా “మందబుద్ధి” యని వ్రాసిరి. మరల ఒకటవ తరగతిలోనే ఉంచుటకు తల్లి అంగీకారపత్రము కావలసివచ్చినది. ఆమె మా వాకిట నిలువబడి కాగితము చేత బట్టుకొని, “ఇందులో ఏం రాసినారమ్మా?” అని నన్నడిగినది. పొయ్యిమీది పప్పు అడుగంటునేమో యను తొందరలో నేను, “ఏమీ లేదమ్మా, పిల్ల మేలుకే. వేలుముద్ర వెయ్యి” అంటిని. ఆమె నన్ను నమ్మి వేసినది. మఱుసటి సంక్రాంతికి ఆ పిల్ల బడి మానినది.

అటు తరువాత చాలకాలమునకు ఓస్త్రావా పిల్లల సంగతి చదువ తటస్థించినది. చదువుచున్నంతసేపు ఆ తల్లియే నా కన్నులకు కట్టినది.

ఓస్త్రావా యనునది చెక్ దేశమునకు ఈశాన్యమున, పోలండు సరిహద్దుకు చేరువనున్న పట్టణము. బొగ్గుగనులకును ఉక్కు కర్మాగారములకును పేరొందినది. అచటి జనులలో రోమాలను వారు కొందఱు కలరు. పూర్వము ఐరోపావారు వీరిని ఈజిప్టునుండి వచ్చిన వారని భ్రమించి “జిప్సీ”లని పిలిచిరి. వీరి పుట్టిల్లు ఈజిప్టు కాదు, మన భారతదేశమేయని భాషనుబట్టి తేలినది. 1782లో రూడిగర్ అను జర్మను పండితుడు వీరి మాటలను మన దేశపు మాటలతో పోల్చి ఈ సంగతిని వెల్లడించెను. సుమారు వేయేండ్లకు పూర్వము వాయవ్య భారతమునుండి వీరి పూర్వులు పడమటికి తరలిపోయిరని పండితుల యభిప్రాయము. సంస్కృతము కొంచెమైనను చదివిన వారికి వీరి లెక్క వినిన చెవులకు చుట్టఱికము తోచకమానదు: యేక్, దుయ్, త్రిన్, స్తార్, పాంజ్. మనుష్యుని “మనుష్” అందురు. నీటిని “పానీ” అందురు. ఇంతమాత్రమున మా తండా పిల్లయు వారును ఒకే తెగయని నేననుట లేదు. ఆ మాట వినినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నదని మాత్రము చెప్పుచున్నాను.

ఐరోపాలో రోమాల చరిత్ర కన్నీటి చరిత్ర. నేటి రుమేనియాలో చేరిన ప్రాంతములలో 19వ శతాబ్ది మధ్యము వఱకు వీరిని బానిసలుగా కొనిరి, అమ్మిరి. 18వ శతాబ్దిలో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా వీరిని “నాగరికులను” చేయదలచి, పిల్లలను తల్లులనుండి వేఱుచేసి అన్యుల యిండ్ల పెంపునకు ఇప్పించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నాజీలు వీరిని లక్షల సంఖ్యలో చంపిరి. చెక్ దేశమున లేటీ యను గ్రామమున నుండిన నిర్బంధ శిబిరమున 300 మందికి పైగా మరణించిరి. అంతకంటె ఎక్కువమందిని ఆష్విట్జ్‌కు పంపిరి. ఆ శిబిరమున్న చోట 1970 ప్రాంతముల పందుల పెంపకశాల కట్టిరి. దానిని 2022లో కూల్చి, 2024లో స్మారకమును తెఱచిరి. ఇట్టి గతము గల తల్లిదండ్రులు దొరతనపు కాగితమును చూచి బెదరుటలో వింత యేమున్నది?

ఇక వ్యాజ్యము సంగతి. చెక్ దేశమున సాధారణ పాఠశాలలు గాక, బుద్ధిమాంద్యము గల పిల్లలకొఱకు “ప్రత్యేక పాఠశాలలు” ఉండెడివి. అచటి పాఠములు తేలికవి. అచట చదువు ముగించిన పిల్లకు పై చదువుల ద్వారములు చాలవఱకు మూసికొనిపోవును, చేతిపనుల శిక్షణమే మిగులును. పిల్లను అచటికి పంపుటకు రెండు కావలెను: మనస్తత్వ నిపుణులు పెట్టు బుద్ధిపరీక్ష ఫలితమొకటి, తల్లిదండ్రుల అంగీకారమొకటి. చట్టమున రోమా యను మాటయే లేదు. పరీక్ష అందఱికి నొక్కటియే. పైకి చూచిన ఎట్టి లోపమును కానరాదు.

కాని బడులలోని పిల్లలను లెక్కించిన గుట్టు బయటపడినది. ఓస్త్రావా ప్రాథమిక పాఠశాలల పిల్లలు మొత్తము 33,372 మంది. అందు రోమాలు నూటికి 2.26 వంతు మాత్రమే. ప్రత్యేక పాఠశాలలలో నున్నవారు 1,360 మంది. అందు రోమాలు 762 మంది, అనగా నూటికి 56 మంది. రోమా పిల్లలలో సగమునకు పైగా ఆ బడులలోనే యుండిరి. ఇతరుల పిల్లలలో నూటికి ఇద్దఱైనను లేరు. రోమా యింట పుట్టిన పిల్ల ప్రత్యేక పాఠశాలకు పోవుట యితరులకంటె 27 రెట్లు అధికమని తేలినది. ఒక జాతి తల్లులందఱును మందబుద్ధులనే కనుచున్నారని నమ్మవలెనా, లేక కొలతబద్దయే వంకరయని యనుమానింపవలెనా?

1996కును 1999కిని నడుమ ఈ బడులలో చేర్పబడిన పదునెనమండ్రు రోమా పిల్లలు న్యాయమును కోరిరి. బుడపెస్టు నగరమున నుండిన యూరోపియన్ రోమా రైట్స్ సెంటర్ అను సంస్థ వారికి తోడునిలిచినది. చెక్ రాజ్యాంగ న్యాయస్థానము 1999 అక్టోబరులో వారి విన్నపమును త్రోసివేసినది. 2000 ఏప్రిలులో వారు ఫ్రాన్సు దేశపు స్త్రాస్‌బర్గ్ నగరమునందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయిరి. ఇది కౌన్సిల్ ఆఫ్ యూరప్ అను దేశముల కూటమికి చెందినది. 1950లో రోము నగరమున సంతకములైన మానవహక్కుల ఒడంబడికను కాపాడుట దీని పని. ఆ ఒడంబడిక 14వ అధికరణము జాతి, వర్ణము, భాష, మతము మొదలగువానిని బట్టి హక్కులయందు భేదము చూపరాదని చెప్పుచున్నది.

అచటను తొలుత ఓటమియే కలిగినది. 2006 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తులలో ఆఱుగురు, జాతిని చూచి చేసిరనుటకు నిదర్శనము లేదనిరి. పిల్లలు విస్తృత ధర్మాసనము నాశ్రయించిరి. 2007 నవంబరు 13వ తేదీన 13 మంది ఒక ప్రక్క, నలుగురు ఒక ప్రక్కగా, రోమా పిల్లల పట్ల భేదము చూపబడినదని తీర్పు వెలువడెను.

ఈ తీర్పులో మూడు సంగతులు మనము గ్రహింపవలసినవి.

మొదటిది: చెడ్డ తలంపు లేకున్నను అన్యాయము అన్యాయమే. గాజుల మలారము వాడు ఒకే కొలత గాజులు తెచ్చి, అందఱికిని అవియే తొడుగబోయి, ఎక్కని చేతిని చూచి “నీ చేయి మంచిది కాద”నిన మనమూరకుందుమా? అందఱికి నొక్కటే నియమమైనను, అది ఒక తెగవారికే తగులుచుండెనేని దానిని ఐరోపా చట్టము పరోక్ష వివక్ష యనును. యూరోపియన్ యూనియన్ 2000వ సంవత్సరమున చేసిన జాతి సమానత్వ ఆదేశములో దీని నిర్వచనము కలదు. అందు మఱియొక మేలు కలదు. బాధితుడు వివక్షను సూచించు సంగతులను ముందుంచిన చాలును. అటుపైన అది వివక్ష కాదని చూపవలసిన భారము ఎదుటి పక్షముదే. స్త్రాస్‌బర్గ్ న్యాయస్థానమును ఈ త్రోవనే త్రొక్కి, పిల్లలు చూపిన లెక్కలను గ్రహించి, దీనికి సమాధానమేమని రాజ్యము నడిగినది.

రెండవది: పరీక్ష. అధికసంఖ్యాకుల పిల్లలను దృష్టియందుంచుకొని తయారుచేసిన పరీక్షలో రోమా పిల్లల స్థితిగతులు లెక్కకు రాకపోవచ్చుననియు, అట్టి ఫలితమును నమ్ముకొని పిల్లను వేఱుచేయుట తగదనియు న్యాయస్థానము తలచినది.

మూడవది తల్లుల సంగతి. ప్రభుత్వము వారు “తలిదండ్రులే సమ్మతించిరి, కొందఱు తామై కోరిరి కూడ” యని వాదించిరి. అది అబద్ధము కాదు. సాధారణ పాఠశాలలో తమ పిల్లలను వెలివేయుదురేమో యను భయమొక ప్రక్క, తమవారు ఎక్కువగానున్న ప్రత్యేక పాఠశాల యొక ప్రక్క. తల్లి దేనిని కోరుకొనును? అంగీకారపత్రములు ముందుగా పూరించి తెచ్చినవి. వానివలన ముందు కలుగు నష్టమును విప్పిచెప్పిన వారు లేరు. చదువు లేని, చిన్నచూపునకు గుఱియైన తల్లి ఈ సంగతులన్నియు తూచి సంతకము చేసినదని నమ్మజాలమని న్యాయస్థానము పలికినది. అంతేకాదు, జాతివివక్షకు గుఱికాకుండు హక్కును ఎవరును సంతకము చేసి వదలుకొనుటకు వీలులేదని తేల్చినది. తల్లి చేవ్రాలు రాజ్యమునకు డాలు కాదని దీని తాత్పర్యము.

ఇట్టి కథలు మఱికొన్ని దేశములలోను జరిగినవి. 2005లో గ్రీసు దేశపు అస్ప్రోపిర్గోస్ పట్టణమున, రోమా పిల్లలు మా పిల్లలతో కలిసి చదువరాదని ఇతర పిల్లల తలిదండ్రులు బడి వాకిట గుమిగూడి అడ్డుపడిరి; రోమా పిల్లలను వేఱొక కట్టడమునకు పంపిరి. అది తప్పని 2008లో తీర్పు వచ్చినది. క్రొయేషియాలో భాష రాదను కారణమున రోమా పిల్లలను వేఱు తరగతులలో నుంచిరి. కాని వారికెంత భాష వచ్చునో కొలుచు పరీక్ష పెట్టలేదు, భాష నేర్పు ఏర్పాటును చాలినంత లేదు. 2010లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పిల్లల పక్షమునను, ఎనమండ్రు రాజ్యము పక్షమునను నిలిచిరి. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గిన తీర్పు మాఱిపోయెడిది!

తీర్పుతో కష్టము తీఱినదా యని మీరడుగవచ్చును. ఓస్త్రావా పిల్లలలో ఒక్కొక్కరికి 4,000 యూరోలు పరిహారముగా విధించిరి. కాని ఆ పిల్లలు 1985కును 1991కిని నడుమ పుట్టినవారు. తీర్పు నాటికి చిన్నవారికి పదునాఱేండ్ల ప్రాయము, పెద్దవారు ఇరువది దాటిరి. పోయిన బాల్యమును ఏ న్యాయస్థానము తిరిగి ఇయ్యగలదు? తీర్పునకు ముందే, 2005లో అమలునకు వచ్చిన క్రొత్త చట్టముచే ప్రత్యేక పాఠశాల యను పేరు పోయినది. బడులు మాత్రము వేఱు పేర నిలిచినవి. పేరు మాఱినంత మాత్రమున పంక్తి మాఱదుగదా! 2014లో యూరోపియన్ కమిషన్ చెక్ దేశముపై చర్యకు పూనుకొనినది. తరువాత స్లొవేకియా, హంగరీ దేశములపైనను అట్లే చేసినది. 2016నుండి చెక్ దేశమున వెనుకబడిన పిల్లకు సాధారణ పాఠశాలలోనే సహాయకులను, సాధనములను సమకూర్చు పద్ధతి వచ్చినది. 2017నుండి బడికి ముందటి యొక సంవత్సరపు శిశువిద్య నిర్బంధమైనది. మార్పు మెల్లగా నడచుచున్నది. అయినను “నా పిల్ల మంద కాదు, మీ కొలతయే తప్పు” అని చెప్పుటకు ఒక తల్లికి ఇప్పుడు చట్టము తోడున్నది. అది చిన్న సంగతి కాదు.

మన రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధించుటకు రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. చట్టము కాగితముపై నుండును. పిల్ల మన వాకిట నుండును.

ఈ వృత్తాంతమును మా వారికి చదివి వినిపించితిని. వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “ఆ పిల్ల చెప్పిన పాణియను మాటకు నేను సున్న వేసితిని” అనిరి. అది మొదలు క్రొత్తగా చేరిన పిల్లను ముందు ఇంటి భాషయేదని అడుగుచున్నారు. ఆ భాష తెలిసిన పెద్దపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టి, ఆ మీదనే ప్రశ్నలు వేయుచున్నారు. పట్టికలో ఆ పాతమాటను మరల వ్రాయలేదు.

నా వంతు నేనును నేర్చుకొంటిని. ఎవరైనను కాగితము తెచ్చి “ఏం రాసినారమ్మా?” అనిన, పొయ్యి ఆర్పి వచ్చి, అరుగుమీద ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదటి యక్షరమునుండి చివరివఱకు చదివి, దానివలన నేమి పోవునో యేమి వచ్చునో చెప్పుచున్నాను. వేలుముద్ర వేయుటయో మానుటయో ఆమె యిష్టము. చదువు వచ్చిన స్త్రీ, చదువు రాని సోదరికి చేయగల సాయములలో ఇంతకంటె సులభమైనది వేఱొకటి నాకు తోచదు. ఆ తండా తల్లికి మాత్రము నేను దానిని సమయమునకు చేయనైతిని.