మబ్బుల మాటున మార్గము

మబ్బు కమ్మినవేళ వైమానికునకు నేల కానరాదు. అంతకంటె విషమమేమనగా, అంతఃకర్ణములోని సమతాజ్ఞానము వానిని వంచించును. 1929లో వైమానికుడు జేమ్స్ డూలిటిల్ న్యూయార్కు సమీపమున, కప్పివేసిన కాక్‌పిట్‌లో కూర్చుండి, రేడియో సంకేతములను పరికరములను మాత్రమే నమ్మి విమానమును పైకెత్తి మరల దింపెను. ఆ విద్యనే నేడు ఇంటి కంప్యూటరు ముందు, సిమ్యులేటరునందు అభ్యసింపవచ్చును.

మొదట నేర్వదగినది వి.ఓ.ఆర్. అను దిశాసూచక రేడియో కేంద్రము. 108 మొదలు 118 మెగాహెర్ట్‌జుల నడుమ ప్రసరించు ఈ భూకేంద్రము పంపు సంకేతములు రెండు. ఒకటి అన్ని దిశలకును ఒకే తీరున నుండునది, రెండవది దిశను బట్టి దశ మారునది. ఆ దశాభేదమును గ్రహించి పరికరము, కేంద్రమునుండి వెలువడు ఏ దిశారేఖపై, అనగా ఏ రేడియల్‌పై, మనమున్నామో తెలుపును. విమానపు ముఖము ఎటున్నదో దానికి పట్టదు. నూతనాభ్యాసకులు తడబడునది ఇచ్చటనే. పరికరపు సూది ఎడమకు జరిగినచో మార్గము ఎడమనున్నదనుట, ఎంచుకొన్న దిశకును విమానపు దిశకును పొంతన యున్నప్పుడే సత్యము. కేంద్రమును నమ్ముటకు ముందు దాని మోర్స్ గుర్తును వినవలెను. ఇంటియందైనను ఈ ఆచారమును విడువరాదని నా దృఢాభిప్రాయము.

పిదప నేర్వదగినది, విమానమును రన్‌వేపైకి దింపుటకు దారిచూపు ఐ.ఎల్.ఎస్. దాని లోకలైజరు రన్‌వే మధ్యరేఖను, గ్లైడ్‌స్లోపు సుమారు 3 డిగ్రీల వాలును చూపును. సిమ్యులేటరునందు గాలిని మార్చి అదే అవరోహణమును ఎన్నిమార్లైనను ఆరంభింపవచ్చును. కాని దేహము కదలదు గనుక చెవి చేయు మోసము అందు అనుభవమునకు రాదు, ఆ పాఠమునకు శిక్షకుని సరసన నిజ విమానమున కూర్చుండవలసినదే.