నూలు బట్ట అంటే సరిపోతుందా? లేబుల్ చెప్పని సంగతులు

పాలిస్టర్ పుట్టేది పెట్రోలియం నుంచి. ఉతికిన ప్రతిసారీ దాని నుంచి కంటికి ఆనని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు నూలు, నార, పట్టు వైపు మళ్లుతున్నారు. మంచిదే. కానీ ‘వంద శాతం కాటన్’ అనే లేబుల్ ఒక్క ప్రశ్నకే జవాబిస్తుంది: ఈ పోగు దేనిది? ఆ పత్తి ఎలా పండింది, ఎవరు వడికారు, రంగునీళ్లు ఎక్కడికి పోయాయి, నేసి కుట్టినవారికి ఏం దక్కింది అన్నవి అలాగే మిగిలిపోతాయి.

పొలంలో

ఒక టీషర్టుకు సరిపడా పత్తి పండించడానికి సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందన్నది తరచూ వినిపించే అంచనా. అది సగటు లెక్క మాత్రమే. కాలువ కింద పండే పత్తికీ, తెలంగాణ, విదర్భల్లో వానపై ఆధారపడి పండే పత్తికీ చాలా తేడా ఉంటుంది. వర్షాధార రైతుకు నీటి ఖర్చు తక్కువే అయినా విత్తనం, పురుగుమందుల ఖర్చు మాత్రం తప్పదు. దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఇప్పుడు 90 శాతానికి పైగా విస్తీర్ణంలో అదే ఉంది. గులాబీరంగు పురుగు దాన్ని తట్టుకోవడం నేర్చుకున్నాక మందుల పిచికారీ మళ్లీ పెరిగింది.

అంతకుముందు వేల ఏళ్లుగా ఇక్కడ పండిన దేశవాళీ రకాలు వానకూ, ఎండకూ, పురుగుకూ తట్టుకునేవి. వాటి పింజ పొట్టిది. మిల్లు యంత్రాలు పొడుగు పింజ అమెరికన్ పత్తికి తగ్గట్టు తయారయ్యాయి కాబట్టి దేశవాళీ పత్తికి గిరాకీ పోయింది. హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ‘మల్ఖా’ ఈ చిక్కుముడినే విప్పడానికి ప్రయత్నించింది. దూదిని బేళ్లుగా అదమకుండా, పత్తి పండే ప్రాంతంలోనే చిన్న యంత్రాల మీద వడికి, ఆ నూలును మగ్గాలకు అందించడం దాని పద్ధతి.

సేంద్రియ పత్తి విషయంలో ఎక్కువగా కనిపించే ముద్ర ‘గాట్స్’. ‘ఆర్గానిక్’ అని రాయాలంటే కనీసం 95 శాతం సేంద్రియ పోగు ఉండాలి. ‘ఆర్గానిక్‌తో తయారైనది’ అంటే 70 శాతం చాలు. రంగులకూ, కార్మికుల పరిస్థితులకూ కూడా ఇందులో నిబంధనలున్నాయి. అయితే 2020లో భారత్‌లోనే సుమారు 20,000 టన్నుల పత్తికి నకిలీ పత్రాలు పుట్టించినట్టు ఆ సంస్థే బయటపెట్టి, 11 కంపెనీలను నిషేధించింది. అందుకే ముద్రను చూసి ఊరుకోకూడదు. దాని పక్కనుండే లైసెన్సు సంఖ్యను గాట్స్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. సంఖ్యే లేకపోతే ఆ ముద్రను నమ్మలేం.

మిల్లులో, అద్దకంలో

తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో ‘సుమంగళి’ పేరుతో ఒక పద్ధతి నడిచింది. పేద కుటుంబాల అమ్మాయిలను మూడేళ్లపాటు హాస్టళ్లలో ఉంచి పని చేయించుకుని, పెళ్లి ఖర్చుకని చివర్లో ఒకేసారి డబ్బు ఇస్తామనేవారు. మధ్యలో మానేస్తే ఆ డబ్బు దక్కేది కాదు. అక్కడ వడికింది సహజమైన పత్తినే.

తిరుప్పూర్ అద్దకం యూనిట్ల నుంచి వచ్చిన ఉప్పునీరు, రంగునీరు నొయ్యల్ నదినీ, ఒరత్తుపాళయం జలాశయాన్నీ పాడుచేశాయి. ఆ నీటితో కింది రైతుల పొలాలు చౌడుబారాయి. 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమన్నాకే, వ్యర్థజలం చుక్కైనా బయటకు వదలని విధానం అక్కడ గట్టిగా అమలులోకి వచ్చింది.

‘వెదురు బట్ట’ది మరో కథ. మెత్తటి వెదురు బట్టలో చాలావరకు విస్కోసే. వెదురు గుజ్జును కార్బన్ డైసల్ఫైడ్ వంటి రసాయనాలతో కరిగించి పోగు తీస్తారు. ఆ రసాయనం కార్మికుల నరాలను దెబ్బతీస్తుంది. ద్రావకాన్ని దాదాపు మొత్తంగా తిరిగి వాడుకునే లయోసెల్ దీనికంటే మేలు.

పట్టులో దాగిన ప్రశ్న

కిలో పట్టు పోగు కోసం వేల గూళ్లను పురుగు లోపల ఉండగానే ఉడికిస్తారు. చిలక బయటకు వెళ్లిపోయాక ఖాళీ గూళ్ల నుంచి పోగు వడికే ‘అహింసా పట్టు’ను హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య ప్రచారంలోకి తెచ్చారు. గూడు తెగడం వల్ల పోగు ముక్కలవుతుంది. అందుకే ఆ బట్టకు మెరుపు తక్కువ, ధర ఎక్కువ. అస్సాం, మేఘాలయల ఎరి పట్టును కూడా ఇలాగే అమ్ముతారు. కానీ అక్కడ చాలా ఇళ్లలో ఆ ప్యూపాలు ఆహారం. కాబట్టి ‘ఎరి’ అన్న పేరుతోనే అది అహింసా పట్టు అయిపోదు.

మగ్గం మీద

2019-20 గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనుల్లో 35 లక్షల మందికి పైగా ఉన్నారు. వారిలో 70 శాతానికి మించి మహిళలే. మగ్గానికి కరెంటు అక్కర్లేదు. డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. అయితే ముద్రల అర్థాలు వేరువేరు. ఖాదీ అంటే చేత్తో వడికి, చేత్తో నేసినది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో దూదిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేయడం దగ్గరే ఆ పని మొదలవుతుంది. హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంటే చేత్తో నేసినట్టు, నూలు మిల్లుదైనా కావచ్చు. సిల్క్ మార్క్ పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది, చేనేత అని కాదు.

కొన్ని పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌లో పోగుకే ముందు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ప్రింటు నకలుకు వెనకవైపు వెలిసినట్టుంటుంది. మగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా బిగించే కర్ర మొనల వల్ల అంచుల్లో సన్నటి రంధ్రాలు ఉండవచ్చు. ఒక పోగును వెలిగిస్తే నూలు కాగితం కాలిన వాసన, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

కుట్టే చోట

2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. పగుళ్లు ముందురోజే కనిపించినా కార్మికులను లోపలికి పంపారు. పోగు ఏదైనా కుట్టే చేతులకు రక్షణ లేకపోతే ఆ బట్ట నైతికమైనది కాదు. తమ ఫ్యాక్టరీల జాబితా బయటపెట్టే బ్రాండుకూ, ‘ప్రకృతి హితం’ అని ఆకు బొమ్మ వేసి సరిపెట్టే బ్రాండుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఇన్ని ప్రశ్నలకూ జవాబు దొరికే బట్ట చౌకగా రాదు. అందరూ కొనలేరు కూడా. ఏడాదికి పది బదులు నాలుగు జతలు కొని, చిరిగితే కుట్టించుకుని, ఎక్కువ కాలం తొడుక్కుంటే ఆ ధర కొంత సర్దుకుంటుంది. అదీ కుదరనివాళ్లకు ఉన్న బట్టనే మరో రెండేళ్లు వాడటం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే మేలు. ఆ బట్ట పాలిస్టరైనా సరే.